తెలియని మనిషి తెచ్చిన చీర

(మా గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, సినిమా ప్రదర్శనకు ముందు జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు ఆ ఫ్యాను కింద కూర్చోండి. రండి, రండి.

నన్ను పిలిచినవాళ్లు ఒక మాట అడిగారు. "సినిమాల్లో గుండె పిండేసే సన్నివేశాలు ఓ పది ఎంచుకుని చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఇంటికెళ్లి కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే పది కాదు, ముప్పై దాటాయి. అప్పుడు ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. చూసి ఇన్నేళ్లయినా, ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తోందా? పట్టేస్తే ఉంచాను, లేకపోతే తీసేశాను. ఐదో ఆరో మిగిలాయి.

కొట్టేసినవాటిలో చావులు బోలెడున్నాయి. తల్లి ఒళ్లో కొడుకు కన్నుమూయడాలు, పెద్ద పెద్ద డైలాగులు, వయొలిన్లు. అవి చూసినప్పుడు ఏడవలేదా అంటే ఏడ్చాను. హాలు బయటికొచ్చి టీ తాగేసరికి ఆ తడి ఆరిపోయింది. మరి ఆరనివి ఏమిటి? మిగిలిన ఆ ఐదారూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. అన్నిట్లోనూ ఒకటే కనపడింది. ఇద్దరు మనుషులుంటారు. ఒకరికి తెలుసు. ఇంకొకరికి తెలియదు. తెలిసేలోపు ఉండే ఆ కాసేపు ఉంది చూశారా, నా గొంతు పట్టేది అక్కడే. ప్రతిసారీ అక్కడే.

మన ఇంటి సినిమాతోనే మొదలుపెడతాను. దేవదాసు. 1953. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వం, డి.ఎల్. నారాయణగారు నిర్మాత, నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు. పెద్దవాళ్లు చేతులెత్తక్కర్లేదు, మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఎప్పుడో 1917లో అచ్చయిన బెంగాలీ రచయిత శరత్ నవల అది. మన తెలుగువాళ్లు మాత్రం దేవదాసు పక్క ఊరివాడే అనుకున్నారు.

చివర ఏం జరుగుతుంది? చనిపోయేలోపు ఒక్కసారి నీ గుమ్మానికి వస్తానని పార్వతికి మాటిచ్చాడు. ఆ మాట కోసం వస్తాడు. జ్వరంతో, దగ్గుతో ఎడ్లబండిలో వచ్చి ఆ ఇంటి ముందు పడిపోతాడు. లోపల ఆవిడ ఉంది. ఇల్లాలుగా ఏ పనిలోనో ఉంది. బయట ఎవరో పడి ఉన్నాడట అనే కబురు ఇంట్లోకి వస్తుంది. "ఎవరో". ఈ మాటను పట్టుకోండి. మనకు అతను దేవదాసు. ఆ ఇంటికి అతను ఎవరో.

నేను ఈ సినిమా చూసింది మా ఊరి టూరింగ్ టాకీస్‌లో. పాత సినిమాలు మళ్లీ మళ్లీ వేసేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో, నేలమీద కూర్చున్నాం. ఆ సన్నివేశం వచ్చింది. మా ముందు వరసలో ఒక ముసలావిడ లేచి నిలబడి తెరకేసి అరిచింది. "నీ దేవదాసే తల్లీ! పరిగెత్తు!" అని. ఎవరూ నవ్వలేదు. హాలంతా ఆవిడతో పాటే ఉంది. పార్వతికి తెలిసి, పరిగెత్తుకుంటూ వచ్చేసరికి తలుపులు మూసేస్తారు. ఆ ముసలావిడ కూర్చోలేదు. అలాగే నిలబడిపోయింది. అందరికీ తెలిసిన కథ, ఆవిడ అంతకుముందు ఎన్నిసార్లు చూసిందో! ఈసారైనా ముందుగా చెబితే పార్వతి అందుకుంటుందేమోనని ఆవిడ ఆశ. తెలిసినవాళ్లకు ఉండే బాధ అది. చెప్పాలనిపిస్తుంది, చెప్పే దారి ఉండదు.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళతాను. ఆ పాటలకు బాణీలు కట్టిన సి.ఆర్. సుబ్బరామన్‌గారు సినిమా విడుదల చూడలేదు. 1952లోనే, మంచి వయసులో పోయారు. ఘంటసాలగారి గొంతులో ఆ పాటలు 70 ఏళ్ల తర్వాత కూడా ఊళ్లో ఎవరో ఒకరు పాడుకుంటూనే ఉన్నారు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆ పాటలు వింటున్నప్పుడల్లా నాకు ఇది కూడా గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన చోటికి వస్తాను. ఇవాళ మీకు చూపించబోయే సినిమా. పథేర్ పాంచాలి. సత్యజిత్ రాయ్ మొదటి సినిమా, 1955. బెంగాలీ భాష రాదే అని భయపడకండి. అందులో ఉన్న ఇల్లు మీరు చూసిన ఇల్లే. కూలిపోయే గోడ, పొయ్యి దగ్గర తల్లి, పండ్లు దొంగిలించి తెచ్చి ముసలి మేనత్తకు పెట్టే ఆడపిల్ల దుర్గ, ఆమె తమ్ముడు అపు. తండ్రి హరిహరుడు పౌరోహిత్యం చేసుకునే మనిషి, సంపాదన కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతూ ఉంటాడు. నెలల తరబడి ఇంటికి రాడు. ఆ మధ్యలో తొలకరి వాన వస్తుంది. దుర్గ ఆ వానలో ఆడుతుంది, తడుస్తుంది, జ్వరం పట్టుకుంటుంది. గాలివాన రాత్రి, తలుపు ఊడిపోతుందేమోనని తల్లి చేత్తో అదిమి పట్టుకుని ఉండగా, పిల్ల పోతుంది.

ఆ గాలివాన సన్నివేశం గొప్పది. కానీ నేను చెబుతున్నది అది కాదు. తర్వాతది.

తండ్రి తిరిగొస్తాడు. చేతిలో కాస్త డబ్బుంది, సంచిలో వస్తువులున్నాయి. ఎన్నాళ్లకో సంతోషంగా ఉన్నాడు. పిల్లల్ని పేరుపెట్టి పిలుచుకుంటూ వస్తాడు. పడిపోయిన గోడ చూసి, అయ్యో ఇంకొన్నాళ్లు ఆగకూడదా ఈ వాన అనుకుంటాడు. భార్య సర్వజయ ఒక్క మాట మాట్లాడదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి పెడుతుంది. ఊరి నుంచి భర్త వస్తే ఏం చేయాలో అది చేస్తుంది. ఆయన సంచి విప్పుతాడు. ఇదిగో రొట్టెలు చేసుకునే పీట, కర్ర. ఇదిగో లక్ష్మీదేవి పటం. ఆవిడ అలాగే కూర్చుని ఉంటుంది. ఇక చివరగా ఒక చీర తీస్తాడు. ఇది దుర్గకి, చూడు ఎలా ఉందో.

ఆవిడ ఆ చీర తీసుకుంటుంది. అంతవరకూ బిగబట్టుకున్న మనిషి, ఆ గుడ్డ చేతిలో పడగానే కుప్పకూలిపోతుంది.

ఇక్కడ రాయ్ ఒక పని చేశారు. ఆ ఏడుపు మనకు వినపడదు. నోరు తెరుచుకుంటుంది, ముఖం నలిగిపోతుంది, కానీ తల్లి గొంతు రాదు. దాని బదులు తార్ షెహనాయ్ మోగుతుంది. పేరు విని ఊదే వాద్యం అనుకోకండి. తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు, ధ్వని పెరగడానికి గ్రామఫోన్‌కు ఉన్నట్టు ఒక కొమ్ము అమర్చి ఉంటుంది. సంగీతం రవిశంకర్‌గారిది, ఆ వాద్యం వాయించింది దక్షిణామోహన్ ఠాగూర్. పటదీప్ రాగం. పై స్థాయిలో, చెవిలో సూది దిగినట్టు వస్తుంది. తల్లి నిజంగా ఏడిస్తే మనం ఒక తల్లి ఏడుపు వినేవాళ్లం. ఆ తీగ ఏడిస్తే ఎవరిది వింటాం? మీ ఇంట్లో ఎప్పుడో మీరు విన్న ఏడుపు వింటారు. నేనైతే అదే విన్నాను.

హరిహరుడికి అప్పుడు అర్థమవుతుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, గమనించండి. చీర చెప్పింది.

దీన్ని నేను మొదటిసారి చూసింది కాలేజీ రోజుల్లో, ఒక చిన్న గదిలో, గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద. రీలు అయిపోయాక అందరూ బయటికెళ్లారు. నేను లేవలేకపోయాను. ఎందుకో చెబుతాను. ఇది సినిమా సంగతి కాదు, మా ఇంటి సంగతి. మా తోబుట్టువులకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు మా చిన్న మావయ్య భిలాయ్‌లో ఉద్యోగం చేసేవాడు. ఏటా సంక్రాంతికి వచ్చేవాడు. ఆ ఏడు పండక్కి పది రోజుల ముందు టెలిగ్రాం వచ్చింది. నాన్న చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మమ్మ అప్పటికే గుండె జబ్బు మనిషి. వెంటనే చెప్పొద్దు, పెద్ద మావయ్య వచ్చాక, డాక్టరుగారు పక్కనుండగా చెబుదాం అన్నారు. పిల్లల్లో పెద్దవాణ్ని కాబట్టి నాకు తెలిసిపోయింది. "అమ్మమ్మ దగ్గర నోరు జారావంటే చూడు" అని అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది.

వంటింట్లో అమ్మమ్మ ఏం చేస్తోంది? మినుములు వేయించి తిరగలి పట్టి, సున్నుండలు చుడుతోంది. మావయ్యకు సున్నుండలంటే ప్రాణం. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నెయ్యి వేడి చేసి పిండిలో పోస్తూ, ఈసారి వాడు వారం ఉంటానని రాశాడు అంది. ఒకటి చుట్టి నా చేతిలో పెట్టింది. "నువ్వొకటి తిను. మిగతావి మావయ్యకి" అంది. తిన్నాను. అది గొంతులోంచి ఎలా దిగిందో నాకు తెలుసు. మిగతావన్నీ స్టీలు డబ్బాలో సర్ది మూత పెట్టింది.

హరిహరుడు సంచిలోంచి చీర తీసినప్పుడు నాకు ఆ డబ్బా కనపడింది. అందుకే లేవలేకపోయాను.

దుర్గ సంగతి ఇంకొకటుంది, దాన్ని కూడా చూడాలి మీరు. సినిమాలో ముందెప్పుడో ఒక పూసల దండ పోతుంది. పొరుగావిడ దుర్గే తీసిందని నానా మాటలూ అంటుంది. పిల్ల నేను తీయలేదంటుంది. చివర్లో ఇల్లు ఖాళీ చేసి కాశీకి వెళ్లిపోతున్నప్పుడు, అటక మీద ఏదో వెతుకుతుంటే ఒక చిప్పలో ఆ దండ అపుకు దొరుకుతుంది. చూస్తాడు. ఎవరికీ చెప్పడు. పరిగెత్తుకెళ్లి చెరువులోకి విసిరేస్తాడు. నాచు విడిపోయి, మెల్లగా మళ్లీ కలిసిపోతుంది. అక్క దొంగతనం చేసిందని ప్రపంచంలో తెలిసినవాడు వాడొక్కడే. ఆ తెలిసినదాన్ని నీళ్ల కింద దాచేశాడు. అంత చిన్నపిల్లాడు అక్క కోసం చేయగలిగింది అది.

ఇప్పుడు ఇటలీ వెళదాం. బైసికిల్ థీవ్స్, 1948, విట్టోరియో డి సికా తీశారు. యుద్ధం ముగిసిన రోమ్ నగరం, పని దొరకడమే గగనం. ఆంటోనియో అనే మనిషికి వాల్‌పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. సైకిలు ఉంటేనే పని. సైకిలు తాకట్టులో ఉంది. భార్య పక్క మీది దుప్పట్లు తీసుకెళ్లి తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. మొదటి రోజే, గోడకు పోస్టరు అంటిస్తుండగా, దొంగ ఎత్తుకుపోతాడు. తండ్రీ కొడుకూ రోమ్ అంతా తిరుగుతారు. తండ్రి వేషం వేసినాయన నటుడు కాదు, లాంబెర్టో మజ్జోరానీ అని ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. ఆయన నడకలోనే అలసట ఉంటుంది.

చివరికి ఇక దారిలేక ఆయనే ఒక సైకిలు దొంగిలించాలనుకుంటాడు. కొడుకు బ్రూనో చేతిలో డబ్బులు పెట్టి, ట్రామెక్కి వెళ్లు, అక్కడ ఎదురుచూడు అని పంపించేస్తాడు. ఎందుకు పంపాడు? పిల్లాడు చూడకూడదు. ఇంకేం పోయినా ఫరవాలేదు, పిల్లాడు చూడకూడదు. బ్రూనోకి ట్రాము అందదు. వెనక్కి తిరిగేసరికి తండ్రి సైకిలు మీద, వెనక జనం. పట్టుకుని చెంప మీద కొడుతున్నారు. తండ్రి టోపీ కింద పడింది. పిల్లాడు దాన్ని తీసి, దుమ్ము దులుపుతాడు.

కొట్టడం దగ్గర నాకు కోపం వస్తుంది, అంతే. టోపీ దులపడం దగ్గర తట్టుకోలేను. నాన్న దొంగ అని వాడికి తెలిసిపోయింది, తెలిసిపోయిందని నాన్నకీ తెలిసిపోయింది. సైకిలు యజమాని పిల్లాడి ముఖం చూసి, వదిలేయమంటాడు. ఇద్దరూ జనంలో నడుస్తూ పోతారు. తండ్రి కళ్లల్లో నీళ్లు. బ్రూనో చెయ్యి చాపి నాన్న చెయ్యి పట్టుకుంటాడు. మాట లేదు. ఇక్కడ తండ్రులున్నారు. ఒక్కమాట అడుగుతాను, మీ పిల్లలు మీ గురించి తెలుసుకోకూడదని మీరు దాచిందేదీ లేదా? వాళ్లకు అది ఎప్పుడో తెలిసిపోయి ఉండొచ్చని ఎప్పుడైనా అనిపించిందా?

మాతృదేవోభవ గురించి ఎక్కువ చెప్పను. 1993లో వచ్చింది, మలయాళ సినిమాకు రీమేక్, రెండింట్లోనూ మాధవిగారే తల్లి. చనిపోబోతున్న తల్లి పిల్లల్ని ఒక్కొక్కరినే దత్తతకు ఇచ్చేస్తుంది. కాలు సరిగా లేని పిల్లాణ్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. వేటూరిగారికి అందులోని "రాలిపోయే పువ్వా" పాటకు జాతీయ అవార్డు వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ పాట రేడియోలో వస్తే కట్టేసేవాళ్లు. వినలేక కట్టేసేవాళ్లు. దానికి మించి ఆ సినిమా గురించి నేను చెప్పగలిగింది లేదు.

సాగర సంగమం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1983, విశ్వనాథ్‌గారు. నాట్యకారుడు బాలు తన ప్రేమను పక్కన పెట్టి, కథానాయిక మాధవిని ఆమె భర్తతో పంపించేస్తాడు. ఆ తర్వాత తాగుడు. ఏళ్లు గడిచాక ఆవిడ తిరిగొస్తుంది. భర్త పోయాడు. ఆ సంగతి బాలుకు తెలియకూడదు. తెలిస్తే, తాను చేసిన త్యాగమంతా ఏమైపోయిందనుకుంటాడు? అందుకని నుదుట బొట్టు పెట్టుకుని అతని ముందుకు వస్తుంది. తప్పతాగిన బాలు వానలో నూతి గట్టు మీద "తకిట తధిమి" అంటూ ఆడుతున్నాడు. అడుగు తప్పితే లోపల పడతాడు. ఆవిడను చూస్తాడు. వాన పడుతోంది. బొట్టు కరిగిపోతోంది. బాలు గబుక్కున చెయ్యి చాపి, ఆ బొట్టు తడవకుండా అరచెయ్యి అడ్డం పెడతాడు.

ఒక్కసారి ఆ చెయ్యి గురించి ఆలోచించండి. లేని దాన్ని కాపాడుతోంది ఆ చెయ్యి. ఆమెకు తెలుసు, మనకు తెలుసు. నిలబడలేనంత మత్తులో ఉన్న మనిషి, తాను పడిపోతానేమోనన్న భయం లేదు, ఆమె పసుపుకుంకాలు చెడకూడదు, అంతే. కమల్‌హాసన్, జయప్రద ఇద్దరూ అక్కడ పెద్దగా ఏమీ చేయరు. చేయకపోవడమే అక్కడి గొప్పతనం. వెయ్యి డైలాగులు రాసినా ఆ అరచెయ్యి చెప్పింది చెప్పలేరు. కాదంటారా?

ఇక చివరిది. బొమ్మల సినిమా. పిల్లల సినిమా అనుకుని ఇంట్లో చిన్నవాళ్లకు వేయకండి, దయచేసి. గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్. జపాన్, 1988, ఇసావో తకహాతా తీశారు. 1945, కోబె నగరం మీద నిప్పుల బాంబులు పడుతున్న రోజులు. పద్నాలుగేళ్ల అన్న సెయితా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో. వీళ్లు బతకరని సినిమా మొదటి నిమిషంలోనే చెప్పేస్తాడు. అంటే ఈసారి తెలిసినవాళ్లం మనం. ఆ పిల్లలు నవ్విన ప్రతిచోటా మనకు తెలుసు.

అమ్మ కాలిన గాయాలతో పోయింది. అన్న చూశాడు. చెల్లెలికి చెప్పలేదు, అమ్మ ఆసుపత్రిలో ఉందన్నాడు. ఆడించాడు, మిఠాయి డబ్బాలోంచి ఒక్కొక్క బిళ్లా తీసి పెట్టాడు. ఒక రాత్రి, చీకటిగా ఉన్న గుహలాంటి చోట, దోమతెరలో మిణుగురులు వదిలి వెలుగు చేశాడు. తెల్లారేసరికి పురుగులన్నీ చచ్చిపోయాయి. చెల్లెలు చిన్న గొయ్యి తవ్వి వాటిని పాతిపెడుతోంది. ఏం చేస్తున్నావంటే, సమాధి చేస్తున్నాను, అమ్మ కూడా సమాధిలోనే ఉంది కదా అంటుంది. అత్త చెప్పిందట. ఆ పిల్లకు ఎప్పుడో తెలుసు. ఇన్నాళ్లూ అన్నకు చెప్పలేదు. అంతవరకూ చెల్లెలి ముందు కన్నీరు పెట్టని వాడు అప్పుడు ఏడుస్తాడు.

ఈ కథ రాసిన అకియుకి నొసాకా తన చిన్న చెల్లెల్ని ఆ యుద్ధకాలంలో ఆకలికి పోగొట్టుకున్న మనిషి. ఆ నేరభావం మోసి మోసి 1967లో రాశారు.

ఇది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అమ్మకు ఫోన్ చేశాను. అప్పటికి అమ్మ ఉంది. "అమ్మా, ఆ సంక్రాంతికి మావయ్య సంగతి మీరు చెప్పకముందే అమ్మమ్మకి తెలుసా?" అని అడిగాను. ముప్పై ఏళ్ల నాటి మాట. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "ఏమోరా. మేం చెప్పిన రోజు ఆవిడ ఎలా అని అడగలేదు. ఎప్పుడు అని అడగలేదు. లేచెళ్లి ఆ సున్నుండల డబ్బా దించి, పిల్లలకు పెట్టేయమని నాకిచ్చింది."

అంటే తెలిసే నాకు ఆ సున్నుండ పెట్టిందా? నాకు తెలుసని కూడా తెలుసా ఆవిడకి? అడగడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు.

సరే. తమ్ముడూ, లైట్లు తీసేయ్. ఆ కిటికీ కూడా వేసేయండి, వెలుగు తెర మీద పడుతోంది. తండ్రి సంచి విప్పేటప్పుడు అందరూ ఆయన చేతుల్నే చూస్తారు. మీరు సర్వజయ ముఖం చూడండి, పీట తీసినప్పటి నుంచే చూడండి.